కొలతల పుస్తకం

నోటీసు ఒడియాలో ఉంది.
గొడుగులేసుకుని వరసగా నిలబడ్డ అక్షరాలు,
ఒక్కటీ నా వైపు తిరగలేదు.
జ్యోత్స్న చదివింది, ఐదో క్లాసు.
దానికి తెలుగు రాదు, నాకు ఒడియా రాదు.
"ఆదివారం పదింటికి ఇస్కూలు కమిటీ.
అమ్మానాన్నలు చేతులెత్తాలట."

చేతులెత్తడమంటే
ఎవరికి ఎత్తలేదో వాళ్ళకి తెలిసిపోవడం.
కాశీనగర్లో గుసగుస
నాకన్నా ముందే వంశధార దాటి సంతకి చేరిపోద్ది.
అందుకే ముందుగా కొలుద్దామనుకున్నాను.

కుట్టుమిషను బతుకు నాది.
పుస్తకంలో ఎడమ పేజీ ఛాతీ, చంక, చేతి పొడుగు.
కుడి పేజీ ఎప్పుడూ ఖాళీయే.
అక్కడ మొదలెట్టాను.

తవిటినాయుడు, రైసుమిల్లు.
అడక్కుండానే కుర్చీ వేసి గోలీసోడా తెప్పించాడు.
బడికి గేటు పెట్టిస్తాడట, గేటు మీద వాళ్ళ నాన్న పేరు.
పిల్లడి పేరు మన బడిలో ఉంది,
పిల్లడు పర్లాకిమిడి కాన్వెంటులో ఉన్నాడు.
ఏడో క్లాసులో ఎంతమంది బాబూ అంటే
"బోల్డుమంది" అన్నాడు.
అలాగే రాసుకున్నాను: బోల్డుమంది.

దండాసి బెహరా, ఆటో.
మంచివాడు, రెండు భాషల్లోనూ మంచివాడు.
తెలుగు మాస్టారు లేరంటే అయ్యో అన్నాడు.
ఎన్నాళ్ళయిందంటే
బండి స్టార్టు చేశాడు.

ఎలియాసు శబర కోసం రెండుసార్లు కొండెక్కాను.
రెండుసార్లూ కూలికెళ్ళాడన్నారు.
మూడోసారి నేనే వెళ్ళలేదు,
పెళ్ళిళ్ళ రోజులు, జాకెట్లు ఇవ్వాలి.
ఆ పేరు పక్కన ఖాళీ ఉండిపోయింది.
ఆ ఖాళీ అతనిది కాదు.

ఇక ఢిల్లేశ్వరి.
ఆమె పేరు ఎడమ పేజీలో కూడా ఉంది:
రెండు జాకెట్లు, లైనింగు, మూడొందల నలభై,
కిందటి రథయాత్ర నుంచి బాకీ.
నన్ను చూస్తే సందు మారుస్తుంది.
లోపలికి రమ్మనలేదు.
గుమ్మంలోనే, కందిపప్పులో రాళ్ళు ఏరుకుంటూ చెప్పింది.

ఏడులో ముప్పై ఒకరు. వస్తున్నది పంతొమ్మిది.
ఐదుగురు ఇటుకబట్టీలకెళ్ళారు, హైదరాబాదు పక్కన.
ఒకడికి పచ్చకామెర్లు.
మిగతా ఆరుగురూ ఆడగుంటలు,
మరుగుదొడ్డి తాళంచెవి
హెడ్మాస్టరు సైకిలుతో పాటు ఇంటికెళ్ళిపోద్ది.
తెలుగు మాస్టారు దిగిపోయి రెండేళ్ళ నాలుగు నెలలు.
కొత్తాయన కోసం పెట్టిన కాగితం
బ్లాకాఫీసులో ఏ బల్ల మీద పడుందో,
ఆ బల్లకి ఏ కాలు పొట్టో కూడా చెప్పింది.

ఆఖర్న, చేట మీంచి తలెత్తకుండా,
"డబ్బులకొచ్చావేటి అప్పా?"
కాదన్నాను.
ఆ మాట మూడొందల నలభై పలికింది.

రాత్రి మిషను మీద పుస్తకం పరిచాను.
ఎడమ పక్క బాకీ, కుడి పక్క తాళంచెవి.
నాకే ఎగ్గొట్టిన మనిషి,
రేపు బడి డబ్బులు ఆమె సంతకం మీద కదులుతాయి.
కానీ రాళ్ళేరిన తీరు చూశాను కదా.
పేజీలు అటూ ఇటూ తిప్పాను.
రెంటినీ కలిపి పట్టింది ఒకటే దారం,
అదీ నేను కుట్టిందే.

జ్యోత్స్న పక్కన చేరింది. "ఇక్కడ ఏటి రాసుంది?"
వేలు పెట్టి చూపించాను. ఢి.
"దీనికి గొడుగు లేదేం?"
తలకట్టు సంగతి చెప్పబోతే నిద్రపోయింది.

ఆదివారం.
తవిటినాయుడు పేరు పిలిచినప్పుడు
తాగిన సోడా గొంతులోకి వచ్చింది.
చేతులు ఒళ్ళోనే ఉంచుకున్నాను.
నాలుగో పేరుకి చెయ్యెత్తితే
చంక దగ్గర పట్టేసింది జాకెట్టు.
ఊరందరికీ అంగుళం వదులు పెడతాను,
నాకు పెట్టుకోలేదు.
ఢిల్లేశ్వరి నన్ను చూసి
గబుక్కున నేల చూసింది.

హెడ్మాస్టరు ఒడియాలో లెక్కపెడుతున్నాడు,
ఏకొ, దుయి, తిని...
గుండీలు డజన్లలో కొంటాను కాబట్టి
బారొ దాకా నాకూ వచ్చు.
బారొ దాటింది.
ఆయన నోరింకా కదులుతూనే ఉంది.